పార్లమెంటులో మారెత్

మారెత్‌ది యూరప్‌లోని ఎస్టోనియా. అక్కడి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యం బోధించేది. పన్నెండేళ్ళ కిందట నేతపనివాళ్ళ పాటల మీద పరిశోధనకని సూరత్ వచ్చి, బమ్రోలి పేటలో, తెలంగాణ నుంచి వలసొచ్చి మగ్గాల కార్ఖానాలో పనిచేసే కొమురవ్వ పక్కగదిలో ఏడు నెలలు అద్దెకుంది. నూలు కండెలు చుడుతూ కొమురవ్వ పాడిన పాటలన్నీ రికార్డు చేసుకుంది. కొమురవ్వ మనవరాలు సంగీతకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల దగ్గరే మారెత్ తెలుగు నేర్చుకుంది.

"మాది శానా చిన్న దేశం అవ్వా," అని చెప్పేది. "పెద్ద దేశం మమ్ముల మింగితే పాటలే నిలబెట్టినయి. లక్షలమంది ఒక్కకాడ చేరి పాడిన్రు. నేను మా నాయిన భుజాల మీద కూసొని పాడిన."

డిగ్రీలో సంగీత చేరిన ఏడు, భాషను కాపాడటానికి పుస్తకాలు చాలవంటూ మారెత్ ఎన్నికల్లో నిలబడి పార్లమెంటుకు గెలిచింది. ఆ రోజు కొమురవ్వ ఇంటింటికీ చక్కెర పంచింది. డిగ్రీ అయ్యాక సంగీతచేత తాను బోధించిన విశ్వవిద్యాలయానికే దరఖాస్తు పెట్టించింది మారెత్. సీటొచ్చింది.

ప్రయాణానికి రెండు నెలలుందనగా, అక్కడ చేరబోయే పిల్లల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పార్లమెంటులో మారెత్ మాట్లాడుతోంది. కింద వస్తున్న ఇంగ్లీషు చదువుతుంటే సంగీత మొహం పాలిపోయింది.

"ఏమంటున్నదే?" అంది కొమురవ్వ.

"బయటోళ్ళు ఎక్కువైతున్నరట, బాపమ్మా. వాళ్ళ భాష నేర్వరట. యూరప్ అవతలి పిల్లలకు సీట్లు బంద్ చేయాల్నంటున్నది."

కొమురవ్వ చేతిలో కండె ఆగిపోయింది. "నువ్వు తప్పు సదివినవేమో. మల్ల పెట్టు."

మూడుసార్లు పెట్టించింది. అదే మొహం, మాట్లాడుతూ జుట్టు చెవివెనక్కి తోసుకునే అదే అలవాటు. కొమురవ్వ మారెత్‌కే ఫోన్ కలపమంది.

"అది సంగీత గురించి కాదవ్వా," అంది మారెత్.

"మరెవలి గురించి?"

"మేం పదమూడు లక్షలమందిమే. మా భాష పోతదని భయం."

"నేను సూరత్ వచ్చి ముప్పై ఏండ్లు. గుజరాతీ ఇప్పటికీ సక్కగ రాదు. నన్ను గూడ ఎల్లగొట్టాల్నా? నువ్వొచ్చిననాడు నీకు తెలుగు రాకపాయె. నేను తలుపు మూసిన్నా, బిడ్డా?"

మళ్ళీ చేస్తానని మారెత్ ఫోన్ పెట్టేసింది.

ఆ శుక్రవారం సీట్లు బంద్ చేసే బిల్లు మీద ఓటింగ్ జరిగింది. మారెత్ బిల్లుకే ఓటేసింది, బిల్లు నెగ్గింది. వారం తిరక్కుండా సంగీత సీటు రద్దయినట్టు మెయిల్ వచ్చింది. వేరే దేశంలో సీటు చూస్తానని మారెత్ పెద్ద ఉత్తరం రాసింది. సంగీత జవాబివ్వలేదు, సూరత్‌లోనే ఎం.ఏ.లో చేరింది. కొమురవ్వ కార్ఖానాకు పోతూనే ఉంది గాని, పని దగ్గర ఆమె పాట మళ్ళీ ఎవరూ వినలేదు.

దసరానాడు మారెత్ ఫోన్ చేసింది. కొమురవ్వ ఎత్తి, "తిన్నవా బిడ్డా," అని అలవాటుగా అడిగింది. ఆ తర్వాత ఫోన్ సంగీత వైపు చాపింది. సంగీత అందుకోలేదు.