రెండో పేజీ దాకా

"సంతకం పెట్టు మంజులా. నేను సదివిన గద," అంటూ నా భర్త కృపాకర్ పెన్ను చేతిలో పెట్టాడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిన ఇంగ్లీషు కాగితం, రెండు పేజీలు. ఆపరేషన్ గౌను పట్టుకుని నర్సు పక్కనే నిలబడింది. కడుపులో గడ్డ ఉంది, గడ్డ ఒక్కటే తీస్తారని మిర్యాలగూడలో బస్సెక్కేటప్పుడు ఆయన చెప్పాడు. సూర్యాపేటలో ఈ ఆసుపత్రికి వచ్చేదాకా నేను ఇంకేమీ అడగలేదు. పదమూడేళ్లుగా మా ఇంట్లో కాగితాలు ఆయన వంతు, అంట్లు నా వంతు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు కాగితాలతోనే ఉండే మనిషాయె!

నేను ఆడవాళ్ల ఇంగ్లీషు క్లాసులో చేరినప్పుడు మా అత్త మరియమ్మ, "ముప్పై అయిదేండ్లకు సదువేందే? ముందు పొయ్యి మీద కూర మాడుతున్నది సూడు," అంది. మాడిన మాట నిజమే. అయినా మానలేదు. మా కరుణ టీచర్ పద్ధతి వేరు. "రాని మాట కాడ ఆగకుండ్రి. కింద గీత గీసి ముందుకు పోండ్రి. ఆఖరికి తెలుగుల మీకు మీరే చెప్పుకోండ్రి. ఏడ భయమైందో గది గూడ నోట్‌బుక్కుల రాయుండ్రి," అనేది. నేను రోజూ ఒకటే రాసేదాన్ని. ఇంగ్లీషు కనబడితే చాలు, చదవకముందే తలెత్తి ఆయన ముఖం చూస్తాను, అని.

ఆసుపత్రిలో ఆ రోజు మాత్రం తలెత్తలేదు. మొదటి పేజీలోనే పదకొండు గీతలు పడ్డాయి. "ఏంది, పరీక్ష రాస్తున్నవా? డాక్టరమ్మకు లేటయితది," అన్నాడు. రెండో పేజీలో తెలిసిన మాట దొరికింది. నా స్కాన్ రిపోర్టునే టీచర్ ఒకరోజు పాఠంగా చదివించింది, అందుకని గర్భసంచిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు. దాని ముందు మాటా వెనక మాటా కలుపుకుని మెల్లగా తెలుగులో చెప్పుకున్నాను. గడ్డ ఒక్కటే కాదు, గర్భసంచి మొత్తం తీసేస్తారు. నేను చదివింది తప్పయితే బాగుండు ప్రభువా అనుకుంటూ ఇంకోసారి చదివాను. తప్పు కాదు.

"గర్భసంచి తీసేస్తరని నీకు తెలుసా?" అన్నాను.

ఆయన నర్సు వైపు చూశాడు. "ఇద్దరు పిల్లలున్నరు. ఇగ అదెందుకు నీకు? చెప్తే పరేషాన్ అయితవని..."

అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదని ఇన్నేళ్లు సిగ్గుపడ్డాను. ఆయన చదివి దాస్తాడన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు.

కాగితం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

"జర డాక్టరమ్మను పిలువు చెల్లె," అన్నాను నర్సుతో. "నా కడుపు సంగతి నేనే మాట్లాడుత. ఈయనను బయట కూసోమను."