అయ్యగారి అంగీ బరువు

ప్రతి సోమవారం పొద్దున్నే, చర్చిలో గంటలు కొట్టే గంటాయన అయ్యగారి తెల్ల అంగీని చంకలో గట్టిగా నొక్కిపెట్టుకుని కత్తెరమ్మ కొట్టుకి వచ్చేవాడు. నొక్కిపెట్టకపోతే అది గాలికి పోతుంది. ఒకసారి నిర్లక్ష్యంగా భుజాన వేసుకొచ్చి, వీధి మలుపులో తుమ్మాడు. అంగీ లేచి వెళ్ళి మంగలి కొట్టు మేడ మీద ఆరేసిన తువ్వాళ్ళ మధ్య వాలింది. దాన్ని దింపడానికి నిచ్చెన తేవాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ముక్కు దురద పెట్టినా సరే, కొట్టు చేరేదాకా తుమ్మడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అంగీ అంత తేలిక. ఆరాధనకు ముందు సంగతి వేరు. చర్చి గుమ్మం పక్కన ఒక మేకుకి దాన్ని తగిలిస్తారు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, దాని అంచు పట్టుకుని, చేసిన తప్పు మనసులో చెప్పుకుని వెళ్తారు. చెప్పిన తప్పు అంగీలోకి దిగుతుంది. అంగీ బరువెక్కుతుంది. అందరూ లోపలికి వెళ్ళాక అయ్యగారు దాన్ని తొడుక్కుని, నడుం వంచి, రొట్టె, ద్రాక్షరసం పెట్టిన బల్ల దాకా నడుస్తారు. రొట్టె విరిచి, గిన్నె ఎత్తి, ప్రభువు సిలువ మీద ఇచ్చిన ప్రాణాన్ని అందరికీ జ్ఞాపకం చేస్తారు. అంతే, బరువు దిగిపోతుంది. అంగీ అంచులు పైకి లేస్తాయి. ముందు వరసలోని ఇద్దరు ముసలమ్మలు లేచి, పాట ఆపకుండానే, వాటిని కిందికి లాగి పట్టుకుంటారు.

దీన్ని వింతని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఎండలో పెట్టిన బట్ట ఆరుతుంది, బల్ల దగ్గర అంగీ తేలికవుతుంది. మేకు మరీ వంగిపోయిన వారం మాత్రం గుమ్మం దగ్గర నవ్వుకునేవాళ్ళు.

"ఈ వారం ఎవరింట్లోనో ఆస్తి పంపకాలు జరిగినట్టున్నాయే."

"నన్ను చూసి అంటావేంటి? నేను పెట్టింది ఒక చిన్న అబద్ధం."

"చిన్నదైతే మేకు ఎందుకు కిర్రుమంది?"

అంత బరువుకి ప్రతివారం భుజాల దగ్గర కుట్లు పిగిలేవి. వాటిని విప్పి, రెండు పేటల దారంతో మళ్ళీ కుట్టడం కత్తెరమ్మ పని. దానికి ఆమె కూలి తీసుకోదు. కత్తెరమ్మ అన్నది ఊరు పెట్టిన పేరు. ఆమె మాట కూడా కత్తెరలాగే మధ్యలో ఆగదు. కొలతలిచ్చేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకునేవాళ్ళని ఆమె క్షమించేది కాదు.

"ఊపిరి వదులు. టేపు దగ్గర దాచి, పెళ్ళిలో ఎక్కడ దాస్తావు?"

ఆమె నిష్ఠ ఊరందరికీ తెలుసు. చెప్పిన రోజుకి బట్ట ఇస్తుంది. మిగిలిన గుడ్డముక్క జానెడైనా తిరిగి ఇచ్చేస్తుంది. ఆదివారం అందరికంటే ముందు చర్చికి వస్తుంది. అంగీ అంచు మాత్రం పట్టుకోదు, తిన్నగా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. కత్తెరమ్మకి తప్పులెక్కడివి అని జనం మర్యాదగా దారి ఇచ్చేవాళ్ళు.

ఆమెకీ ఒక తప్పు ఉంది. అది ఆమె కుడి భుజం మీద ఉంది. ఆ భుజం ఎడమదానికంటే బాగా కిందికి దిగి ఉంటుంది. కానీ తన జాకెట్లు తనే కుట్టుకుంటుంది కాబట్టి, కుడివైపు దిగువగా కత్తిరించి, తేడా కనిపించకుండా సర్దుకుంది.

చాలా ఏళ్ళ కిందట, ఆ తప్పు చేసిన కొత్తలో, ఆమె కూడా అంచు పట్టుకుని ఆ తప్పు పెట్టింది. ఆ రోజు అయ్యగారు అంగీ తొడుక్కుని రెండడుగులు వేశారో లేదో, తూలి, మోకాలి మీద పడ్డారు. సన్నటి మనిషి, ఊదితే పడిపోయేట్టుంటారు, నా పాపిష్ఠి బరువు ఆయన మీద పెట్టానే అనుకుంది కత్తెరమ్మ. పరుగెత్తి, లేపుతున్నట్టు నటిస్తూ, అంచు పట్టుకుంది. నాది నాకిచ్చెయ్యండి అనుకుంది మనసులో. బరువు తిరిగొచ్చి ఆమె కుడి భుజం మీద కూర్చుంది. అప్పటి నుంచి ఇంకెప్పుడూ పెట్టలేదు. తన బరువు తను మోయడమే నీతి అనుకుంది. ఆ నీతి చూసుకుని లోపల్లోపల కొంచెం గర్వపడింది కూడా.

ఒక సోమవారం గంటాయన వెళ్ళగానే ఆమె చెల్లెలు, చెల్లెలి కూతురు కొట్టులోకి వచ్చారు. చెల్లెలి చేతిలో తెల్ల శాటిన్ మూట ఉంది.

"పెద్దమ్మా, ఊపిరి మొత్తం వదిలేసి వచ్చాను. కొలతలు తీసుకో" అంది పిల్ల, చేతులు చాచి నిలబడి.

"పెళ్ళి వచ్చే నెలే అక్కా. గౌను నువ్వే కుట్టాలి" అంది చెల్లెలు.

కత్తెరమ్మ టేపు అందుకోబోయి ఆగిపోయింది. "నా వల్ల కాదు. చెయ్యి లేవట్లేదు. బజార్లో కుట్టినవే దొరుకుతున్నాయిగా."

"ఊరందరి పిల్లలకీ లేస్తుంది చెయ్యి. నా పిల్లకే లేవదా?"

"తెల్ల శాటిన్ కష్టం."

"నా పెళ్ళికి కుట్టింది తెల్ల శాటినే కదా?"

అదే కదా అసలు సంగతి. కత్తెరమ్మ కళ్ళు దించుకుని మిషను బాబిన్‌కి దారం చుట్టసాగింది. అది అప్పటికే నిండి ఉంది.

చెల్లెలు మూట బల్ల మీద పడేసింది. "నేను నీకేం చేశానో నాకు తెలీదు. అడిగితే చెప్పవు. పండగకీ పబ్బానికీ నా ఇంటికి రావు. వచ్చినా గుమ్మంలోంచే పోతావు. సరే. దీనికి కూడా కుట్టనంటే మాత్రం, ఇక నీ గడప నేను తొక్కను. పదవే."

పిల్ల వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, గుడ్డ ఇక్కడే వదిలేస్తున్నాను. మా అమ్మ కోపంలో మర్చిపోయిందని చెప్తాను" అంది.

ఆ వారమంతా కత్తెరమ్మ ఆ శాటిన్‌ని బల్ల మీద పరవడం, సుద్దతో గీయబోవడం, మళ్ళీ మడతపెట్టడం. సుద్ద నడుము దగ్గరికి రాగానే భుజం రాయిలా కిందికి లాగేది. చేయగూడని పని చేసిన చెయ్యి, మంచి పనికి కూడా వెనకాడుతుంది.

శనివారం అంగీ తీసుకెళ్ళడానికి గంటాయన రాలేదు, అయ్యగారే వచ్చారు.

"గంటాయనకి జలుబమ్మా. ఈ స్థితిలో అంగీ ఆయన చేతికిస్తే పక్క ఊళ్ళో వెతుక్కోవాలి" అన్నారు.

ఆమె నవ్వలేదు. కొక్కేనికి ఉన్న అంగీని తీయడానికి చెయ్యెత్తింది. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. ఎడమ చేత్తో అందుకోబోతుంటే అయ్యగారు ఆమె భుజం వంక చూశారు.

"ఎప్పటి నుంచమ్మా?"

అబద్ధం చెప్పడం ఆమెకి రాదు. "మీరు పడిన రోజు నుంచి" అని, తప్పేమిటో చెప్పకుండా, ఎలా పెట్టిందీ ఎలా తీసుకుందీ మాత్రం చెప్పింది.

అయ్యగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో ఏదో వెతుక్కుంటున్నట్టు కనిపించింది. కాసేపటికి దొరికింది.

"నేను మోకాలి మీద పడిన రోజా? కొత్త చెప్పులు వేసుకున్న రోజు. గంటాయన గుమ్మం కడిగి తడి ఆరనివ్వలేదు. జారిపడ్డానమ్మా."

"జారిపడ్డారా?"

"వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆ కోపం కూడా అంగీలోనే పెట్టాల్సి వచ్చింది."

కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళు. తడి గుమ్మం.

"అయినా మీరు బలహీనులు. ఊరందరి బరువూ మీ మీద..."

"నా మీద ఉండేది గుమ్మం నుంచి బల్ల దాకానే. అందులోనూ మొదట పెట్టేది నాదే. గుమ్మం తెరవకముందే వెళ్ళి అంచు పట్టుకుంటాను. నా తప్పులు తక్కువేం కాదు. నేను మోసుకెళ్ళేవాణ్ణి తప్ప, తీర్చేవాణ్ణి కాదు. బల్ల దగ్గర తీసుకునేది ప్రభువు. ఎప్పుడో ఒక్కసారే అందరిదీ తీసుకున్నాడు. మేం వారం వారం ఆ ఒక్కసారి దగ్గరికే వెళ్తున్నాం."

"మీ మీద జాలిపడి తీసుకున్నానండీ."

"అలాగే అనుకున్నావు. నిజానికి ఆయన భుజం సరిపోదన్నావు, నీ భుజమే గట్టిదన్నావు."

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. ఊళ్ళో ఇంకెవరైనా అని ఉంటే రెండు మాటలు కత్తిరించి చేతిలో పెట్టేది. ఇప్పుడు మాత్రం ఎడమ చేత్తో అంగీ తీసి ఆయనకిచ్చింది.

అయ్యగారు అంగీని చంకలో పెట్టుకుంటూ అన్నారు. "రేపు పెట్టు. బరువు దిగుతుంది. అయితే ఒకటి విను. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్ళకి చెప్పడం ఉంటుంది. అది బరువు కాదు, పని. పని నువ్వే చెయ్యాలి."

మర్నాడు కత్తెరమ్మ వరసలో నిలబడింది. ముందున్నవాళ్ళు ఆశ్చర్యంగా తిరిగి చూశారు. ఆమె అంచు పట్టుకుని, కళ్ళు మూసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మేకు కిర్రుమంది. అయ్యగారు అంగీ తొడుక్కుని, ఎప్పటిలాగే వంగి, ఎప్పటిలాగే నడిచారు. తూలలేదు. రొట్టె విరిచారు, గిన్నె ఎత్తారు. అంచులు లేచాయి. ముసలమ్మలు లేచి పట్టుకున్నారు.

పక్కన కూర్చున్న పాలావిడ పాట మధ్యలో ఆమె చెవి దగ్గర గొణిగింది. "నీ జాకెట్టు కుడివైపు వంకర కుట్టావు కత్తెరమ్మా. భుజం మీద ముడతపడుతోంది."

"తెలుసు" అంది కత్తెరమ్మ. పాట గట్టిగా అందుకుంది. ఆమెది మంచి గొంతని ఆ రోజే చాలామందికి తెలిసింది.

చర్చి నుంచి తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు వంటగదిలో బఠాణీ కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"గుడ్డ తెచ్చావా?"

"లేదు. ఒక మాట చెప్పడానికి వచ్చాను. నీ పెళ్ళి గౌను నడుము దగ్గర నేను చివికిన దారంతో కుట్టాను."

"పాత దారమా? చూసుకోలేదేమో."

"చూసుకునే కుట్టాను. నానమ్మ పెట్టెలోది. లాగితే తెగుతుందని తెలుసు. నువ్వు మోకరిస్తే పిగులుతుందని తెలుసు. పిగలాలనే కుట్టాను. నాకంటే చిన్నదానివి, నీకు ముందు పెళ్ళయింది. నేను ఓర్చుకోలేకపోయాను."

బఠాణీలు గిన్నెలో పడడం ఆగింది.

"ఆ రోజు పొద్దున నేను తీపి బన్నులు తిన్నాను" అంది చెల్లెలు మెల్లిగా. "ఆకలేసి, ఎవరూ చూడకుండా తిన్నాను. అందుకే పిగిలిందనుకున్నాను. అందరూ నవ్వారు. మా అత్తగారు తను చచ్చేదాకా నన్ను తిండిపోతు అంది. అక్కా, అప్పటి నుంచి నేను నలుగురిలో కూర్చుని కడుపునిండా తినలేదు. నా కూతురి పెళ్ళిలో ఎలా తప్పించుకోవాలా అని ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను."

ఈ సంగతి కత్తెరమ్మకి తెలియదు. గౌను చిరిగిందని తెలుసు, ఒక రోజు నవ్వారని తెలుసు. ఇంత పొడుగు చిరుగని తెలియదు.

చెల్లెలు లేచింది. అక్క జబ్బ పట్టుకుని గుమ్మం దాటించి తలుపేసింది.

కత్తెరమ్మ మెట్టు మీద కూర్చుంది. చెయ్యెత్తి భుజం తడుముకుంది. బరువు మళ్ళీ వచ్చి ఉంటుందనుకుంది. రాలేదు. చెల్లెలి కోపం న్యాయమైనది, దాని నొప్పి నొప్పే. అయినా భుజం తేలిగ్గానే ఉంది. బరువున్న రోజుల్లో అయితే లేచి పారిపోయేది. ఇప్పుడు కూర్చోగలిగింది.

కిటికీ తెరుచుకుంది. "ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను."

"నిన్ను తిట్టాలనుంది."

"తిట్టు. వింటాను."

చెల్లెలు తిట్టింది. చిన్నప్పుడు లాక్కున్న రిబ్బను దగ్గర్నుంచి మొదలుపెట్టి, వరసగా, బాగా తిట్టింది. మధ్యలో ముక్కు చీదుకుని మళ్ళీ అందుకుంది. చివరికి తిట్లు అయిపోయాయి.

"అయితే బన్నుల వల్ల కాదన్నమాట."

"కాదు. నీ నడుం కొలత అంగుళం వదులుగానే కుట్టాను. ఇంకా నాలుగు తిన్నా పట్టేది."

"మా అత్తగారికి ఇప్పుడే వెళ్ళి చెప్పాలి."

"ఆవిడ పోయింది కదే."

"సమాధి దగ్గరికెళ్ళి చెప్తాను. ఎక్కడికి పోతుంది వినక?" అని చెల్లెలు ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చినట్టు కిటికీ మూసేసింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"లోపలికి రా. కాయలు ఒలువు. గౌను కుట్టాల్సింది నువ్వే. ఇందులో మార్పు లేదు."

గౌను పెళ్ళికి వారం ముందే తయారైంది. కత్తెర నడుము గీత దాటేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. చెల్లెలు, కూతురు తీసుకెళ్ళడానికి వచ్చారు. కత్తెరమ్మ గౌనుని బల్ల మీద తిరగేసి, నడుము కుట్టు పైకి తిప్పి పెట్టింది.

"రెండు చేతుల్తో పట్టి లాగి చూడు" అంది చెల్లెలితో.

చెల్లెలు కుట్టు మీద వేలు పెట్టింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వేలు మెల్లిగా జరిపింది. కత్తెరమ్మ ఊపిరి బిగబట్టింది. జీవితంలో ఆమె ఊపిరి బిగబట్టడం అదే మొదలు.

చెల్లెలు లాగలేదు. గౌనుని తిన్నగా తిప్పి, చక్కగా మడతపెట్టి, కూతురి చేతిలో పెట్టింది.

"లాగి చూడమన్నానా?"

"ఎందుకు? మా అక్క కుట్టింది" అంది చెల్లెలు. తర్వాత కూతురి వైపు తిరిగింది. "మూలనున్న కొట్లో తీపి బన్నులు వేడిగా ఉంటాయి, సంచి నిండా పట్టుకురా. నేనిక్కడ మెట్ల మీద కూర్చుంటాను. వీధిలో వచ్చేపోయేవాళ్ళందరూ చూడనీ."