కాళ్లకు నీళ్లిచ్చిన నాడు

గట్ల గాదు మనుమరాలా, ముందుగాల పింఛన్ సంగతి రాయకు. సెంబు సంగతి రాయి. నేను మెల్లగ సెప్త, నువ్వు ఉరుకకు.

మొన్న మంగళారం నేను నందిపేట్ పోయిన గదా. మీ అమ్మ ఒద్దన్నది, ఎవలన్న సూస్తరు బాపూ అని. నా ఇంటికి నేను పోతున్న, ఎవలు సూస్తె ఏంది అన్న. పోయేసరికి మీ మామ ముత్యం పొలం కాడికి పోయిండు. మీ అమ్మమ్మ ఒక్కతే ఉన్నది. అరుగు మీద కూసోని ఇద్దరం పసుపు కొమ్ములు ఏరుతున్నం. "కంఠేశ్వర్ల బిడ్డ ఇంట్ల కూసోని కూసోని చేతులు మెత్తగైనయ్ నీకు" అని తిడుతున్నది. మంచిగుండె.

గప్పుడే మోటర్ సైకిల్ ఆగింది. పింఛన్ల తనిఖీకి సార్ అచ్చిండు.

ఇక్కడ జర ఆగు. మీ అమ్మమ్మకు ఎర్కనే, అయినా రాయి. ఇంటికి ఒక్కటే పింఛన్ అంటరు. ఇద్దరు ముసలోళ్లు ఒక్క రేషన్ కార్డుల ఉంటె ఒక్కలకే. బోధన్ ఫ్యాక్టరీకి ముప్పై ఏండ్లు చెరుకు బండ్లు తోలిన, ఏ రిజిస్టర్ల నా పేరు లేదు. అది బందైనంక ఎడ్లను అమ్మిన. ఆమె శక్కర్ గోలీలకు, నా మోకాళ్ల మందుకు ఒక్క పింఛన్ సాలలే. అందుకే మీ మామ, మీ అమ్మ మాట్లాడుకోని, ఆమెను అక్కడి కార్డుల ఉంచి నన్ను మీ కార్డుల ఎక్కిచ్చిండ్రు. కాయితం మీదనే బాపూ అన్నరు. కాయితం కోసం ఇక్కడ పండుకోవట్టి రెండేండ్లాయె. ఎవల తప్పూ లేదు.

సార్ నన్ను సూసిండు. "ఈయన ఎవలు అవ్వా?"

ఆమె నా మొకం సూసింది. "సుట్టమచ్చిండు సార్, భీమ్‌గల్ నుంచి."

గంతటితోని ఊకోలే. లోపటికి పోయి సెంబుల నీళ్లు తెచ్చి నా ముంగట వెట్టింది. "కాళ్లు కడుక్కో అన్నా. చాయ్ తాగి పోదువు."

నన్ను, అన్నా అని. యాభై ఏండ్లల్ల ఆమె నా పేరు తియ్యలే. మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు తియ్యరు. గిప్పుడు పిలిచిందంటె గిట్ల పిలిచింది.

పొద్దుగాల అదే ఇంట్ల కడుక్కున్న కాళ్లు మల్ల కడుక్కున్న. సార్ నా చేతులు సూసిండు, పచ్చగున్నయ్. "సుట్టంతోని గూడ పని చేపిస్తున్నవా అవ్వా" అని నవ్విండు. మేం గూడ నవ్వినం. "పేరేంది పెద్దమనిషీ?" అన్నడు. నర్సింలు అన్న, నోటికి గదే అచ్చింది. పోశన్న అన్న నా అసలు పేరు మింగిన.

సార్ చెడ్డోడేం గాదు. ఎర్కయిందో ఏమో, చాయ్ తాగుకుంట కూసున్నడు. ఆయన లేవడు. సుట్టం ఎంతసేపని ఉంటడు? "పోయొస్త చెల్లె" అని నేనే లేచిన.

బస్ స్టాండ్ల గంటసేపు కూసున్న. ఎనుకకు పోదామంటె సార్ బండి ఇంక ఆ గల్లీలనే తిరుగుతున్నది. నా తువ్వాల ఆ ఇంట్ల దండెం మీదనే ఉన్నది. సుట్టం తువ్వాల దండెం మీదికి ఎట్ల పోయిందని అడుగుతడని తీసుకోలే.

త్రివేణీ, నిద్రస్తున్నదా? ఇంక జరంతనే.

రూల్ మారుతదట, ఇద్దరికీ ఇస్తరట అని మీ అమ్మ అంటది. ఎప్పుడంటె ఎవలకూ తెల్వది. మీ కార్డుల నా పేరు కొట్టేయిస్త, ఆమె కాడికి పోత అంటె మీ అమ్మ ఏడుస్తది. ఒక్కసారి కొట్టేస్తె మల్ల ఎక్కుతదో లేదో. గోలీలు ఎట్ల? కొట్టేయకుంటె నేను ఆ ఇంటికి ఎప్పుడు పోయినా భీమ్‌గల్ నర్సింలునే. ఎటు జరిగినా గోడనే తగులుతున్నది.

గిది నేను ఒక్కన్నే తెంపేది గాదు. నువ్వు శనివారం నందిపేట్ పోతున్నవ్ గదా. తువ్వాల నువ్వు అడగకు. ఆమె మడతవెట్టి నీ చేతికిస్తె తీస్కరా, ఇక్కడనే ఉంట. దండెం మీదనే ఉంచితె, సోమారం ఆఫీసుకు పోయి నా పేరు తీయిస్త.

మీ మామ ఇంట్ల లేనప్పుడు సూసి, గిదంత మీ అమ్మమ్మకు సదివి వినిపియ్యి. మెల్లగ సదువు, ఆమెకు ఎడమ చెవి ఇనరాదు. అన్నా అన్నదానికి నాకు కోపం లేదని రాసినవా? రాయలేదా, రాయి. గది రెండుసార్లు సదువు.