మిషన్ నూనె

సాయంత్రం షాపు కట్టేసి వచ్చి, చేతులు కడుక్కుని, కూతురి పక్కన స్టూలు మీద కూర్చోవడం మిషన్ డాక్టరుకి రోజూ అలవాటు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు కాబట్టి బజారు అతనికి ఆ పేరు పెట్టింది. ఎంత రుద్ది కడిగినా మిషన్ నూనె వాసన మాత్రం పోదు. ఆ వాసనని బట్టే కూతురు తల తిప్పకుండా "వచ్చావా నాన్నా" అనేది.

ఇంట్లో కూతురి కోసం కొన్న కొత్త డిజిటల్ పియానో ఉంది. వచ్చిన వారానికే దాని మీట ఒకటి కీచుమంది. కంపెనీకి ఫోన్ చేద్దామంది భార్య. కీచుమంటే నూనె వెయ్యాలి, ఈ మాత్రం దానికి కంపెనీ ఎందుకనుకున్నాడు డాక్టరు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి సందుల్లో కాస్త నూనె వేశాడు. చెయ్యి ఊరుకోక ఇంకాస్త వేశాడు.

కీచు పోయింది. మర్నాడు రెండు మీటలు దిగిపోయి పైకి రాలేదు. తర్వాత అవి బొత్తిగా మూగబోయాయి. స్పీకరు మాత్రం గుయ్యిమంటూ కూర్చుంది.

"అలా బాదితే ఏమవుతుంది మరి? ఏం మొరటు చేతులే నీవి," అని భార్య కూతుర్ని కేకలేసింది.

పిల్ల తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. డాక్టరు నోరు తెరిచాడు. బజారు పెట్టిన పేరు గుర్తొచ్చి మూసుకున్నాడు. తన పేరు నిలబెట్టుకోవడానికి పిల్లని అడ్డం పెట్టానని అతనికి తెలుసు. చచ్చేంత సిగ్గేసింది.

లైటు మసకబారింది, ఫ్యాను నీరసించింది. ఇంట్లో ఎవరైనా సిగ్గుపడితే కరెంటు తగ్గడం ఆ ఊళ్లో మామూలే. ఎవరని అడగడం మర్యాద కాదు. పైన ఉండే ఇంటి ఓనరమ్మ మాత్రం మెట్ల మీంచి కేకేసింది.

"మా ఫ్రిజ్ మూలుగుతోందమ్మా. అదేదో కాస్త తొందరగా తేల్చుకోండి."

సిగ్గుపడేది పిల్లేననుకుని తల్లి మెత్తబడింది. "పోనీలే, తెలియక చేశావు," అని తల నిమిరింది. లైటు ఇంకా తగ్గింది.

స్కూల్లో పియానో పోటీ దగ్గరికొస్తోంది. పిల్ల పియానోకి దుప్పటి కప్పేసింది. "నా పేరు తీసెయ్యమని టీచర్‌కి చెప్పేస్తాను నాన్నా. నా చేతులు దీనికి పనికిరావు," అంది. డాక్టరు అన్నం సయించక లేచిపోయాడు.

చివరికి భార్యే ఫోన్ చేస్తే కంపెనీ మెకానిక్ వచ్చింది. టార్చి వెంట తెచ్చుకుంది, ఇలాంటి ఇళ్లు ఆమెకి కొత్త కాదు. మూత విప్పి, లోపల వేలు పెట్టి తీసింది.

"ఇందులో నూనె ఎవరు పోశారండీ? లోపలంతా రబ్బరు. నూనె తగిలితే పాడైపోతుంది."

వేలు పిల్ల ముందుకి చాపింది. పిల్ల వాసన చూసింది. ఒక్కసారి తండ్రి వైపు చూసి, తల దించుకుంది.

"నేనేనండీ," అంది.

బిల్డింగంతా కరెంటు పోయింది. మెకానిక్ చేతిలో టార్చి కూడా ఆరిపోయింది. పైన ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది.

"పోసింది అది కాదు," అన్నాడు డాక్టరు చీకట్లో. "నేను పోశాను. నాకు చేతకాని మిషన్ ఉందని ఒప్పుకోలేకపోయాను. దాని చేతుల్లో ఏ లోపమూ లేదు."

"ఇన్నాళ్లూ దాన్ని నాచేత తిట్టించారా?" అంది భార్య.

లైటు మెల్లగా వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు.

కొత్త రబ్బరు రావడానికి టైం పడుతుందంది మెకానిక్. పిల్ల దుప్పటి తీసి మడత పెట్టింది. "అందాకా ఆ రెండు స్వరాలూ నువ్వే పాడాలి నాన్నా," అంది. డాక్టరు గొంతు గాడిదని మరిపిస్తుంది. అయినా పోటీ రోజు దాకా రోజూ పాడాడు. పాడినప్పుడల్లా లైటు కాస్త తగ్గేది. ఓనరమ్మ మళ్లీ కేకెయ్యలేదు.

ఏళ్లు గడిచాయి, ఇప్పుడా కూతురు పెద్ద పెద్ద హాళ్లలో వాయిస్తోంది. ఒక్కోసారి ఆ రెండు స్వరాల దగ్గర దీపాలు క్షణంపాటు తగ్గుతాయి. ఆమె చేతులు మాత్రం తడబడవు. ముందు వరసలో నాన్న కూర్చున్నాడని తల తిప్పకుండానే తెలిసిపోతుంది.