సీపీయూకి గౌను

కొడుకు చొక్కాకి గౌన్ల మాస్టారు గుండీ కుడుతుండగా పక్క గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. స్క్రీన్ మళ్లీ హ్యాంగ్ అయినట్టుంది. కోడలు మౌస్‌ను విసురుగా కదపడం, ఉస్సురనడం, అంతా ఆపేసి మళ్లీ ఆన్ చేయడం ఆయనకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఇంట్లోనే కూర్చుని అచ్చుకు వెళ్లే పుస్తకాలు టైపు చేస్తుంది. సాయంత్రానికి పంపకపోతే ఇక పని ఇవ్వనని ప్రెస్సాయన పొద్దున్నే చెప్పేశాడు.

మాస్టారు బతుకంతా గౌన్లు కుట్టిన మనిషి. మెషీను మీద వంగి వంగి వీపుకు గూని వచ్చింది. కుడి బొటనవేలి మీద కత్తెర పట్టి కాసిన కాయ ఇంకా కరగలేదు. ఆయాసం ముదిరి కొట్టు మూసేశాక చేతులు ఊరుకోలేదు. దిండ్లకు గలీబులయ్యాయి, మిక్సీకి తొడుగయింది, రేడియోకి కూడా. పోయిన వారం కోడలి సీపీయూకి నీలం పూల గుడ్డతో, మెడ నుంచి మడమ దాకా, ఒక్క కంత లేకుండా గౌను కుట్టి తొడిగాడు. దుమ్ము ఇక దాని దరిదాపులకు రాదని ఆయన ధీమా. కోడలు మురిసిపోయింది కూడా.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. వైర్లు మార్చి చూశాడు, అక్కర్లేని ప్రోగ్రాములు తీసేశాడు. స్క్రీన్ కాసేపు బుద్ధిగా ఉండి మళ్లీ మొండికేసింది. చివరికి సీపీయూ మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో వెనక్కి లాక్కున్నాడు.

"వేడెక్కి ఆగిపోతోందమ్మా. వెనకాల గాలి పోయే దారంతా మూసేశారు. ఈ గుడ్డ తీసేస్తే చాలు."

కోడలు గొంతు తగ్గించింది. "మావయ్యగారితో మాత్రం అనకండి. దుమ్ము పట్టిందని చెప్పండి."

మాస్టారివి పాము చెవులు. ముందు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ తర్వాత కోడలి మీద ప్రేమ ముంచుకొచ్చింది. చేతిలో పని పోయేలా ఉన్నా, పిచ్చిపిల్ల తన మనసు నొవ్వకుండా కాస్తోంది. మెకానిక్ వెళ్తూ అంతా దుమ్మేనని చెబితే, అలాగా అని అమాయకంగా తలూపాడు.

కాసేపయ్యాక గదిలోకి తొంగిచూశాడు. ఆయన్ని చూడగానే కోడలు గబగబా గౌను మళ్లీ తొడగబోయింది. మాస్టారు వద్దన్నాడు. టేపు తీసి, సీపీయూని వెనక్కి తిప్పమన్నాడు.

"వీపు కొలత తీసుకోవాలి. లోతు వీపు కావాలన్న ఆడపిల్లల్ని తిట్టి పంపేవాణ్ణి. చివరికి దీనికి కుట్టాల్సొచ్చింది."

"విన్నారా మావయ్యా?" అంది కోడలు. నవ్వబోయింది గానీ కళ్లు నిండిపోయాయి.

"ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదా తల్లీ. నువ్వు పని చూసుకో."

ఆ తర్వాత స్క్రీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎండ వాలుతుండగా కోడలు పుస్తకం పంపేసింది. ప్రెస్సాయన అందిందన్నాడు, ఇంకో పుస్తకం ఉందని కూడా అన్నాడు. ఆ మాట చెప్పడానికి పరుగున వచ్చింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో తల ఒరగేసి ఉన్నాడు. పిలిచింది. చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఆయాసం మాత్రం ఆగిపోయింది.

ఒళ్లో కొత్త గౌను ఉంది, పసుప్పచ్చది, వీపు నడుము దాకా తెరిచి, అంచు చుట్టూ సన్నటి కుట్టు వేసి, కట్టుకునే తాళ్లలో ఒకటి కుట్టేసి, రెండోదాన్ని గుండుసూదితో ఆనించి.