వరాలక్క అడిగిన మాట

వరాలక్క మా పెరట్లో తోటకూర మడి పక్కన గొంతుకూర్చుని మట్టి తవ్వుతోంది, ఆమె పోయి నలభై రోజులయిందని నాకు తెలుసు, అయినా ఆ మాట ముఖాన అనడం మర్యాద కాదనిపించి, మంచినీళ్లు తెమ్మంటావా అని అడుగుతున్నాను. పెరడు మాదే, కానీ ఎంత నడిచినా మడులు తరగడం లేదు, మా రెండిళ్ల మధ్య గోడ ఒకసారి మోకాలెత్తు ఉంటుంది, తల తిప్పేసరికి మబ్బుల్లోకి పోతుంది, దాని మీద ఆమె సాకిన పిల్లులన్నీ వరసగా కూర్చుని నావైపే చూస్తున్నాయి.

"ఏటి వెతుకుతున్నావక్కా?"

"పిల్లులు రాకుండా నువ్వేటేటి యేసావో చూస్తన్నాను," అంటుంది తలెత్తకుండా.

ఆమె వేళ్ల కింద నుంచి నిమ్మతొక్కలు, రేగుకంప, మిరపగింజలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. విత్తనం చల్లిన ప్రతిసారీ పిల్లులు వచ్చి మడి గోకి, దొడ్డికి కూర్చుని, పూడ్చి పోతుంటే రెండేళ్లపాటు నేను పడిన అవస్థ అంతా అదే.

"కంప మంచిదే. ఆ మూల ఇంత ఇసక పోసుంటే అక్కడికే పోయేవి. సెప్పాను, నువ్వు యినలేదు."

"నీ పిల్లులు, నా మడి. నేనెందుకు పొయ్యాలక్కా?"

"సరే. మరి నా రాగి ఏటి తొక్కింది, దమయంతీ?"

రాగి ఆమె ఎర్రపిల్లి. అది నురగలు కక్కుకుని చచ్చిపోయిన రోజు, పాము కరిచుంటుంది అన్నది నేనే, ఆ మాట నమ్మి ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ముందురోజు ఒళ్లుమండి, సీసాడు ఫినాయిలు నీళ్లు కలపకుండా మడి చుట్టూ పోశానని నేను చెప్పలేదు. తడి కాళ్లు నాక్కుంటుంది కదా పిల్లి.

ఇప్పుడు ఆమె చెయ్యి సరిగ్గా అక్కడికే వస్తోంది. ఆపుదామని పట్టుకుంటే నా చేతిలో మట్టే మిగులుతోంది. గోడ మీది పిల్లులు ఒక్కొక్కటే కిందికి దూకుతున్నాయి.

"నాకు సెప్పకపోయినా పర్లేదమ్మా," అంటుంది వరాలక్క, మొదటిసారి నా కళ్లలోకి చూస్తూ. "ఆయనకి సెప్పు. బతికున్నోడు ఆయన."

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు, చాప తడిసేలా చెమట. గోడ అవతల టక్, టక్ మని చప్పుడు. కిటికీలోంచి చూశాను. వరాలక్క భర్త సన్యాసిరావుగారు ఆరేసిన పంచె కోసం పెరట్లోకి వచ్చారు. అడుగు తీసి అడుగు వేసే ముందు, పాము ఉంటే తప్పుకుంటుందని కర్రతో నేలను కొడుతున్నారు.

నేను గోడ దగ్గరికి వెళ్లాను.

"బావగారూ, అక్కడ పాము లేదండీ," అన్నాను. "ఎప్పుడూ లేదు."

కర్ర ఆగింది.