ఇక్కడ నీళ్లు నూటికి మరగవు

“టీ చల్లగున్నది” అంటుంది మా అత్త లక్ష్మీనరసమ్మ, పొయ్యి మీంచి దించి నిమిషం కూడా కాని టీని. పదకొండేళ్లుగా రోజూ అదే మాట. అదే గిన్నెలోంచి పోసిన టీ తాగి, నోరు కాలిందని విసుక్కుంటాడు నా మొగుడు బద్రీనాథ్. ఒకరోజు ఇద్దరి గ్లాసుల్లోనూ థర్మామీటరు పెట్టి చూశాను. రెండూ డెబ్భై రెండు డిగ్రీలే. ఎవరికీ చెప్పలేదు. ఆమెది మళ్లీ వేడిచేసి, ఆయనది చల్లార్చి ఇచ్చాను. నా తెలివి అంతవరకే పనికొచ్చేది ఆ ఇంట్లో.

పాశమైలారంలో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో కెమిస్టుని నేను. తొంభై ఆరు ఎండాకాలంలో సరుకు ఉడికే రియాక్టరుకున్న, వేడి కొలిచే విదేశీ మీటరు చెడిపోయింది. కొత్తది రావడానికి ఆరునెలలన్నారు. మా సరుకు ఎనభై డిగ్రీల దగ్గరే ఉడకాలి, అర డిగ్రీ తేడా వచ్చినా బ్యాచ్ పోయినట్టే. మేనేజర్ రాజారావు తల పట్టుకు కూర్చున్నాడు. నేను కోఠీలో నాలుగు మామూలు గాజు థర్మామీటర్లు కొనుక్కొచ్చాను, కాలేజీ పిల్లలు వాడే రకం. చవకవి అబద్ధాలాడతాయి. కానీ మంచి గుణం ఒకటుంది, ఎప్పుడూ ఒకే లెక్కన ఆడతాయి. ఒక్కోదాన్ని కరిగే ఐసులో ముంచి, మరిగే నీటి ఆవిరిలో ఉంచి, ఏది ఎంత తప్పు చెబుతుందో రిజిస్టరులో రాసుకున్నాను. రోజుకోరకంగా చెప్పే నాలుగోదాన్ని ఇంటికి తెచ్చేశాను. మిగతా మూడింటితో కొలిచి, వాటి వాటి తప్పు తీసేసి, సగటు కట్టేదాన్ని. నాలుగు నెలల్లో ఒక్క బ్యాచ్ పోలేదు. పద్ధతి తనదేనని రాజారావు పైవాళ్లకు చెప్పుకున్నాడు. విని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఇంట్లోనే బాగా అలవాటైంది.

తర్వాత తనిఖీకి మనుషులు వస్తారన్నారు. ముందురోజు నేను సెలవులో ఉన్నాను, అత్తకు కంటి ఆపరేషను. రాజారావు రిజిస్టరు తెరిచి, మరిగే నీటికి నేను వేసుకున్న తొంభై ఎనిమిది పాయింట్ మూడు డిగ్రీలు చూశాడు. నీళ్లు నూటికి మరుగుతాయని ఆరో తరగతి పుస్తకంలోనే ఉంది కదా. నా అంకె కొట్టేసి నూరు వేశాడు, లెక్కలన్నీ దాని ప్రకారం మార్పించాడు. మా ఊరు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల ఎత్తున ఉందని, ఇక్కడ నీళ్లు ముందే మరుగుతాయని నన్నడిగితే చెప్పేదాన్ని. ఎందుకడుగుతాడు? ఎనభై అనుకున్నది నిజానికి డెబ్భై ఎనిమిదిన్నర అయింది. రెండు బ్యాచులు సగం ఉడికి నాశనమయ్యాయి.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. రాసింది దిద్దాలంటే, కిందిది కనపడేలా ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. రాజారావు గీత కొట్టాడు, సంతకం వేయలేదు. సంతకం లేని దిద్దుబాటు రిజిస్టరు ఎవరిదైతే వాళ్ల నెత్తినే పడుతుంది. రెండు రోజులకు నా బల్ల మీద టైపు చేసిన కాగితం పెట్టాడు. ‘నా అజాగ్రత్త వల్లే రెండు బ్యాచులు పోయాయి’ అని. కింద నా పేరు, కమలాకుమారి.

ఇంటికొచ్చి చెబితే ఎవరూ ఉలిక్కిపడలేదు. కూరలో ఉప్పు అందాజు తెలియనిది ఫ్యాక్టరీలో ఏం కొలుస్తుందని అత్త నవ్వింది. బద్రీనాథ్‌కు అప్పటికే అంతా తెలుసు. ఫ్యాక్టరీ క్యాంటీనుకు బియ్యం, పప్పులు పోయేది ఆయన కిరాణా దుకాణం నుంచే.

“రాజారావు సార్ దుకాణానికి వచ్చిండు. రేపు పెడ్తదని మాటిచ్చిన. ఒక్క సంతకానికి పరేషాన్ ఎందుకు?”

“నేను చెయ్యలే ఆ తప్పు.”

“చేసినవా లేదా ఎవరడిగిండ్రు? నా మాట పోవద్దు.”

ఒళ్లు మండిపోయింది. నన్ను అడక్కుండా నా సంతకం ఇచ్చేసి వచ్చాడు, పప్పు బస్తాతో పాటు. అప్పుడర్థమైంది, ఈ మనిషి కూడా ఎప్పుడూ ఒకే లెక్కన, తనకు లాభమున్న వైపే తప్పు చెబుతాడు. పదకొండేళ్లుగా ఆ తప్పును నేనే తీసేసి, మంచివాడు అనే జవాబు రాబట్టుకుంటున్నాను. అసహ్యమేసింది, ఆయన మీద కన్నా నా లెక్క మీద.

మర్నాడు సాయంత్రం జనరల్ మేనేజర్ గదిలో, ఆయన ముందే రాజారావు పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. టైపు చేసిన వాక్యం మీద ఒక్క గీత కొట్టాను, కిందిది కనపడేలాగే. పైన రాశాను: ‘ఇక్కడ నీళ్లు తొంభై ఎనిమిదికే మరుగుతాయి. సంతకం లేకుండా నా అంకె దిద్దింది రాజారావు గారు. ఇప్పుడే కాచి చూసుకోవచ్చు.’ పక్కన పొట్టి సంతకం, తేదీ. రాజారావు మొహం మాడిపోయింది. “మీ ఆయన ఒప్పుకున్నాడు కదమ్మా” అన్నాడు. అయితే ఆయన సంతకమే తీసుకొమ్మన్నాను.

గేటు బయట బద్రీనాథ్ స్కూటరు మీద కూర్చున్నాడు. క్యాంటీనుకు సరుకు పంపాల్సిన చీటీ జేబులో కనపడుతోంది.

“పెట్టినవా సంతకం?”

“పెట్టిన.”

“గట్ల మంచిగున్నది. ఎక్కు జల్దీ.”

“నీ మాట కింద కాదు, నా మాట కింద పెట్టిన” అని చెప్పి, పటాన్‌చెరు బస్సు వైపు నడిచాను.